చరిత్ర చదివితే ఎవరికి ఉపయోగం?

మొన్న ఉగాదికి అందరం భోజనాలకు కూర్చున్నప్పుడు మా మేనకోడలు, తాను యూనివర్సిటీలో చరిత్ర చదవాలనుకుంటున్నానని చెప్పింది. ఒక్క నిమిషం మాటలు ఆగిపోయాయి. పెద్దవారొకరు, "ఎందుకమ్మా? డాక్టరువైతే నలుగురికీ వైద్యం చేస్తావు. చరిత్ర చదివితే ఎవరికి ఉపయోగం?" అని అడిగారు. ఆయన మాటలో ఎకసెక్కెం లేదు. పిల్ల మీద అభిమానమే. వైద్యుణ్ణి కాబట్టి నేనేదైనా చెబుతానేమోనని మా మేనకోడలు నా వైపు చూసింది. నేను పులిహోర వడ్డించుకుంటూ తప్పించుకున్నాను. ఆనాడు చెప్పలేకపోయిన సమాధానమే ఈ వ్యాసం.

నిజానికి ఈ ప్రశ్న ఈ దేశంలో ప్రొఫెసర్లను కూడా అడుగుతున్నారు. 2014లో బ్రిటన్ విశ్వవిద్యాలయాల పరిశోధనను మదింపు చేసినప్పుడు, ఆ పరిశోధన వల్ల బయటి ప్రపంచంలో ఏం మార్పు వచ్చిందన్న దానికి మొదటిసారిగా 20 శాతం విలువ కట్టారు. 2021లో దాన్ని 25 శాతం చేశారు. సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం చదివేవారికి మినహాయింపు ఇవ్వలేదు. మందు కనిపెట్టినవాడు కోలుకున్న రోగుల లెక్క చూపిస్తాడు. మరి చరిత్రకారుడు ఏం చూపించాలి?

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ కెన్యాది. అక్కడ బ్రిటిష్ పాలన మీద మౌ మౌ తిరుగుబాటు లేచినప్పుడు, 1952 అక్టోబరులో ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. అది 1960 దాకా సాగింది. కికుయూ జాతివారిని వేల సంఖ్యలో నిర్బంధ శిబిరాల్లో పెట్టారు. 1959 మార్చి 3న హోలా శిబిరంలో 11 మంది ఖైదీలు మరణించారు. వారు నీళ్లు తాగిన తరువాత చనిపోయారని మొదట అధికార ప్రకటన వెలువడింది. శవపరీక్ష, విచారణ జరిగాక తేలిందేమిటంటే, వారు కర్రదెబ్బలకు చనిపోయారని. ఆ 11 మంది తరఫున వారి శరీరాలే సాక్ష్యం చెప్పాయి. దెబ్బలు తిని బతికినవారికి ఆ పాటి సాక్ష్యం కూడా లేకపోయింది.

చాలా ఏళ్ల తరువాత ఇద్దరు చరిత్రకారులు ఈ విషయం తవ్వారు. డేవిడ్ ఆండర్సన్ ఉరిశిక్షల కేసుల కాగితాలు చదివి, తిరుగుబాటు పేరిట 1,090 మందిని ఉరితీశారని లెక్క తేల్చారు. అమెరికాలో పనిచేసే కెరొలిన్ ఎల్కిన్స్ శిబిరాల నుంచి బతికి వచ్చినవారిని కలిసి వారి మాటలు సేకరించారు. ఇద్దరి పుస్తకాలూ 2005లో వచ్చాయి. ఎల్కిన్స్ చెప్పిన మృతుల అంకెలను తోటి చరిత్రకారులు గట్టిగా ప్రశ్నించారు. అదీ ఈ శాస్త్రంలో భాగమే.

2009లో ఐదుగురు కెన్యా వృద్ధులు లండన్ హైకోర్టులో బ్రిటిష్ ప్రభుత్వం మీద దావా వేశారు. వారిలో ఒకరు హోలాలో స్పృహ తప్పి పడిపోతే చనిపోయాడనుకున్న మనిషి. ఆండర్సన్, ఎల్కిన్స్, బ్రిటిష్ సైన్యం చరిత్ర చదివిన హ్యూ బెనెట్ ముగ్గురూ వారి తరఫున సాక్ష్యపత్రాలు ఇచ్చారు. 1963 డిసెంబరులో, స్వాతంత్ర్యానికి కొద్ది రోజుల ముందు, కెన్యా నుంచి సుమారు 1,500 ఫైళ్లు ఇంగ్లండుకు తరలించారనీ, అవి ఏమయ్యాయనీ ఆండర్సన్ నిలదీశారు. 2011లో ప్రభుత్వం ఆ ఫైళ్లు తన దగ్గరే ఉన్నాయని ఒప్పుకుంది. అవి హాన్‌స్లోప్ పార్క్ అనే చోట ఉన్నాయి. వాటితోపాటు మరెన్నో పూర్వపు వలసరాజ్యాల ఫైళ్లు కూడా బయటపడ్డాయి.

యాభై ఏళ్లు దాటిన వ్యవహారం, ఇప్పుడు విచారణ న్యాయంగా సాగదు అని ప్రభుత్వం వాదించింది. 2012 అక్టోబరులో జస్టిస్ మెకూంబ్ ఆ వాదన తోసిపుచ్చారు. కాగితాలు ఇంత విస్తారంగా ఉన్నాయి కాబట్టి న్యాయమైన విచారణ సాధ్యమేనని తీర్పు ఇచ్చారు. 2013 జూన్ 6న విదేశాంగమంత్రి విలియం హేగ్ పార్లమెంటులో విచారం వ్యక్తం చేసి, 5,228 మందికి పరిహారంగా, కోర్టు ఖర్చులతో కలిపి, 1 కోటి 99 లక్షల పౌన్లు ప్రకటించారు. 2015లో నైరోబీలోని ఉహురు పార్కులో బ్రిటన్ ఖర్చుతో స్మారక చిహ్నం వెలిసింది. అయితే తరువాత సుమారు 40,000 మంది వేసిన మరో దావాను 2018లో కోర్టు కొట్టివేసింది. చరిత్ర అందరికీ న్యాయం తెచ్చిపెట్టలేదు.

ఇందులో మనం గమనించవలసినవి రెండున్నాయి. మొదటిది, ఈ పరిశోధన మొదలుపెట్టిన రోజున ఇది కోర్టుకు పనికివస్తుందని ఎవరికీ తెలియదు. పుస్తకాలు అచ్చయ్యాక పరిహారం రావడానికి ఎనిమిదేళ్లు పట్టింది. ఉపయోగం ముందే చూపిస్తేనే డబ్బిస్తామంటే ఆ పుస్తకాలే ఉండేవి కావు. కనుక పరిశోధకుడికి మొట్టమొదట చేయవలసిన సాయం, ఓపికగా కాలం ఇవ్వడం, దస్తావేజుల గది తలుపు తెరవడం.

రెండవది, ఫలితం చరిత్రకారుడి చేతిలో ఉండదు. అది లాయర్ల ద్వారా, బాధితుల పట్టుదల ద్వారా వచ్చింది. అందుచేత ఎవరు ఏ పుట చదివారు, దానివల్ల ఏ నిర్ణయం మారింది అన్నది ఎప్పటికప్పుడు రాసిపెట్టుకోవాలి. మన ఆసుపత్రుల్లో కేస్ షీటులో రాయని వైద్యం చేయని వైద్యం కింద లెక్క. ఇక్కడా అంతే. అలా రాసేటప్పుడు ఇతరుల కష్టాన్ని తన ఖాతాలో వేసుకోకూడదు, రాని ఫలితాన్ని వచ్చిందనకూడదు.

ఇక మన సంగతి. ఈ దేశపు ఆరోగ్యసేవలో దక్షిణాసియా డాక్టర్ల పాత్ర మీద జూలియన్ సింప్సన్ 2018లో పుస్తకం వెలువరించారు. ఆ డాక్టర్లు స్వయంగా చెప్పిన మాటలే దానికి ముఖ్యమైన ఆధారం. మన పెద్దలు తొలి రోజుల్లో అందుకున్న ఉద్యోగపు ఉత్తరాలు, ఇంటికి రాసిన జాబులు ఎందరి అటకల మీదో ఉన్నాయి. ఇల్లు మారేటప్పుడు దయచేసి వాటిని పారేయకండి. రేపు వాటిని చదివి అర్థం చెప్పేవారు కావాలి. మా మేనకోడలు ఆ పని నేర్చుకోబోతోంది. ఈసారి ఎవరైనా అడిగితే నేను వడ్డన మానేసి సమాధానం చెబుతాను.