అజ్ఞాతం సరుకైన వేళ

అజ్ఞాతంగా ఉండే అవసరం పాలితులకే కాదు, పాలకులకూ ఉంటుంది. ఇంటర్నెట్‌లో అజ్ఞాతాన్నిచ్చే 'టార్' చరిత్ర ఈ వైరుధ్యంతోనే మొదలవుతుంది. 1990ల మధ్యలో అమెరికా నౌకాదళ పరిశోధనాశాలలో పాల్ సివర్సన్, మైఖేల్ రీడ్, డేవిడ్ గోల్డ్‌ష్లాగ్‌లు ఈ పద్ధతికి రూపకల్పన చేశారు. సందేశానికి ఉల్లిపొరల్లా రహస్య సంకేతాలు చుట్టి, టార్‌లో మూడు కంప్యూటర్ల గుండా పంపుతారు. పంపిందెవరో మొదటిదానికి తెలుసు, ఎక్కడికి పోతోందో చివరిదానికి తెలుసు. రెండూ తెలిసిన కంప్యూటరంటూ దారిలో ఉండదు.

అయితే నౌకాదళం ఒక్కటే నడిచే దారిలో కనిపించినవాడల్లా నౌకాదళం మనిషేనని ఎవరికైనా అర్థమవుతుంది. దాక్కోవాలంటే జనసమూహం కావాలి. అందుకే 2002లో ప్రారంభమైన టార్‌ను అందరికీ తెరవవలసి వచ్చింది. 2006లో లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది. దాని నిధుల్లో పెద్ద భాగం చాలాకాలం అమెరికా ప్రభుత్వానివేనన్న సంగతీ మరువరాదు. కాని దారిలోని వేలాది కంప్యూటర్లను నడుపుతున్నది స్వచ్ఛంద కార్యకర్తలు. ఖర్చు వారిదే, ప్రమాదమూ వారిదే. ఇతరులు తన కంప్యూటర్ గుండా చేసిన నేరానికి 2014లో ఆస్ట్రియా కోర్టు ఒక యువకుణ్ణి దోషిగా తేల్చింది.

2013లో స్నోడెన్ బయటపెట్టిన పత్రాలతో నిఘా భయం ప్రపంచమంతటా వ్యాపించింది. భయాన్ని సొమ్ము చేసుకోవడం మార్కెట్‌కు తెలుసు. 2014 అక్టోబరులో 'అనానబాక్స్' అనే చిన్న పెట్టె ప్రకటన వెలువడింది. ఇంట్లో తగిలించుకుంటే చాలు, అంతా టార్ గుండా పోతుందన్నారు. కిక్‌స్టార్టర్‌లో 7,500 డాలర్లు అడిగితే, కొద్ది రోజుల్లోనే 5 లక్షల 80 వేలకు పైగా హామీలు వచ్చాయి. సొంతంగా తయారు చేశామన్న పెట్టె చైనా బజారు సరుకేనని తేలడంతో కిక్‌స్టార్టర్ ఆ ప్రచారాన్ని నిలిపివేసింది. తర్వాత వేరే దారిలో అమ్మిన పెట్టెల్లో కొన్నింటిని భద్రతా లోపాల వల్ల 2015లో వెనక్కి పిలిచారు.

మోసమే సమస్య అయితే చర్చ ఇక్కడితో ముగిసేది. నిజాయితీగా తయారైన పెట్టె అయినా, సొంత పేరుతో లాగిన్ అయినవాణ్ణి దాచలేదు. పైగా అది దారిని వాడుకుంటుందే తప్ప దారిలో ఒక మజిలీగా నిలబడదు. 2013 ఆగస్టులో దొంగ ప్రోగ్రాం సోకిన లక్షలాది కంప్యూటర్లు ఒక్కసారిగా టార్‌లో చేరినప్పుడు ఆ బరువు మోసింది కార్యకర్తల యంత్రాలే.

కొన్నవారిని నిందించి ప్రయోజనం లేదు. వారూ ఆ సమూహంలో భాగమే, వారి రాకతో మిగతావారికి చాటు పెరుగుతుంది కూడా. కాని అమ్మకందారు అమ్మింది తనది కాని శ్రమను. కొనేవాడికి దాన్ని కనిపించకుండా చేశాడు. ఆ శ్రమను గుర్తించి, అందులో తానూ ఒక పాలు మోయడానికి ముందుకొచ్చేవాళ్లు ఉన్నంతకాలమే ఆ దారి తెరిచి ఉంటుంది.