నక్షాలో కనిపించని ఎత్తుపల్లాలు: సర్వే లెక్కలు ఇంటి డిజైన్‌లోకి

అబిడ్స్, నాంపల్లి పక్కనే నౌబత్ పహాడ్ ఉంది. హైదరాబాద్ చదునైన ఊరు కాదని చెప్పడానికి అదొక్కటి చాలు. అయినా ఇంటి ప్లాన్ చాలాసార్లు చదును నేల అనుకునే గీస్తారు. సెల్లార్‌లోకి నీళ్లొచ్చాక గానీ తప్పు బయటపడదు.

నిజాం కాలం నుంచి వస్తున్న నక్షా, టిప్పన్ హద్దులు, కొలతలు చెప్తాయి, ఎత్తులు చెప్పవు. నాంపల్లిలోని సీసీఎల్ఏ ఆఫీసు దాకా వెళ్లి రికార్డు తెచ్చుకున్నా ఆ లోటు తీరదు. లైసెన్స్‌డ్ సర్వేయర్‌తో టోటల్ స్టేషన్ పెట్టించి లెవల్స్ తీయించాల్సిందే. పీడీఎఫ్ ఒక్కటే ఇస్తే ఒప్పుకోవద్దు, సీఎస్‌వీ ఫైల్ కూడా అడగాలి.

అందులో వరుస తరచుగా పాయింట్ నంబరు, నార్తింగ్, ఈస్టింగ్, ఎత్తు అని ఉంటుంది. రెవిట్‌కు ముందు ఈస్టింగ్, తర్వాత నార్తింగ్, ఆపైన ఎత్తు కావాలి. మార్చకుండా ఎక్కిస్తే ప్లాట్ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. మీటర్లా, అడుగులా అన్నదీ ముందే చూసుకోవాలి.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. యూటీఎం లెక్కలో హైదరాబాద్ నార్తింగ్ 19 లక్షల మీటర్లు దాటుతుంది. అంత పెద్ద అంకెలతో మోడల్ ఎక్కడో దూరంగా పడుతుంది, గీతలు వణుకుతాయి. ప్లాట్ మూల ఒకదాన్ని సున్నా అనుకుని, ఆ మూల ఈస్టింగ్, నార్తింగ్‌లను మిగతా పాయింట్లన్నిటి నుంచి తీసేయాలి. ఎత్తులు ముట్టుకోవద్దు.

రోడ్డు, ఎదురుగా ఉన్న మ్యాన్‌హోల్ మూత లెవల్స్ కూడా తీయించాలి. అవి లేకుంటే వాన నీళ్లు గేటు నుంచి బయటికి పోతాయా, లోపలికి వస్తాయా అన్నది మోడల్ చెప్పలేదు.