వైరాకే ఆవిరి ఎవరిది?

జహీరాబాద్‌ నుంచి మా చిన్నాయన ఫోన్‌లో అడిగాడు: "మనదీ లావా రాయే కద బిడ్డా, ఈడ బోరేస్తే మీ న్యూజిలాండ్ లెక్క ఆవిరి రాదా?"

రాదు. మన ఎర్రమట్టి కింది నల్లరాయి దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట పారిన లావా. దాని వేడి ఎన్నడో ఆరిపోయింది. తెలంగాణలో వేడినీళ్లు ఉబికే చోటు మణుగూరు దగ్గరి పగిడేరు. అక్కడ నీళ్లను కాచేది అగ్నిపర్వతం కాదు. గోదావరి లోయలో పగిలిన రాతిపొరల్లోకి లోతుగా దిగిన నీరు కింది వేడిని మోసుకొస్తుంది. సింగరేణి సంస్థ ఆ నీటితో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్‌ కేంద్రాన్ని చేపట్టింది. రేపు ఇంకా లోతుకు పోదామనే మాట వస్తుంది. అందుకే ఆ దారిలో 70 ఏళ్ల ముందు నడిచిన, నేనుండే న్యూజిలాండ్ కథ మనవాళ్లకు తెలియాలి.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీకి వెళ్లిన న్యూజిలాండ్ సైనిక ఇంజినీర్లు లార్డెరెల్లో కేంద్రాన్ని చూడబోయారు. 1904లో భూగర్భ ఆవిరితో మొదటిసారి దీపాలు వెలిగిన ఊరది. వీళ్లు చేరేసరికి కేంద్రం ధ్వంసమై ఉంది. యుద్ధం ముగిశాక న్యూజిలాండ్‌లో వానల్లేక జలవిద్యుత్‌ చాలలేదు. దాంతో టాపో సరస్సు పక్కన వైరాకేలో 1949-50లో పరిశోధన బావులు మొదలయ్యాయి.

మన దగ్గర బోరు లారీ వస్తే నీళ్లు పడ్డాయో లేదో త్వరలోనే తేలిపోతుంది. ఆవిరి బావి సంగతి వేరు. ఇప్పుడైతే ముందు ఊట నీళ్లలో కరిగిన సిలికాను కొలిచి లోపలి వేడిని అంచనా కడతారు. నేలలోకి కరెంటు పంపి, అది తేలిగ్గా పారే చోటు వెతుకుతారు. వేడి ఉప్పునీళ్లు, ఆ వేడికి మారిన బంకమట్టి ఉండేది అక్కడే. ఆ తర్వాతే రిగ్గు. తవ్వేటప్పుడు పంపే బురదనీరు బావిని చల్లబరుస్తుంది కనుక, వారాల తరబడి ఆగి, బావి మళ్లీ కాగాకే ఉష్ణోగ్రత చూస్తారు. అసలు పరీక్ష ఆపైన ఉంటుంది. ఆవిరిని చాలాకాలం పారనిచ్చి, పక్క బావుల్లో ఒత్తిడి ఎంత పడుతోందో గమనించాలి. ఎంత వేడి ఉందన్నది ఒక లెక్క, ఎన్నేళ్లు ఇస్తుందన్నది ఇంకో లెక్క. రెండోది తేలడానికే ఓపిక కావాలి.

వైరాకేలో 250 డిగ్రీలు దాటిన నీళ్లు దొరికాయి. నీటినీ ఆవిరినీ వేరుచేసి 1958 నవంబరులో కరెంటు తీశారు. అలాంటి కేంద్రం ప్రపంచంలో అదే మొదటిది. మూల్యం కూడా పెద్దదే. లోపలి ఒత్తిడి తగ్గి, పక్కనున్న గీజర్ల లోయ ఎండిపోయింది. ఒకచోట నేల 15 మీటర్ల దాకా కుంగింది. వాడిన నీటిని చాలాకాలం తిరిగి భూమిలోకి పంపకుండా వైకాటో నదిలోకి వదిలారు.

నన్ను ఎక్కువగా కలచివేసేది 1953 నాటి న్యూజిలాండ్ చట్టం. భూగర్భ వేడిని తోడి వాడుకునే హక్కు ఒక్క ప్రభుత్వానిదేనని అది తేల్చేసింది. ఆ ఊటల్లో తరతరాలుగా వండుకున్నది, స్నానం చేసింది ఈ నేల ఆదివాసులైన మావోరీలు. వాళ్ల పూర్వీకుడు ఙాటోరోఇరాంగి టోంగరిరో కొండమీద చలికి చావబోతూ అక్కచెల్లెళ్లను పిలిస్తే, వాళ్లు పంపిన నిప్పే భూమి కిందుగా వచ్చిందని వాళ్ల నమ్మకం. అలాంటివాళ్లను ఆ చట్టం పక్కకు నెట్టింది. అది అన్యాయమే.

మోకాయ్ అనే మరో ఆవిరి క్షేత్రంలో కథ మారింది. 1980ల తొలినాళ్లలో ప్రభుత్వం తవ్వి వదిలేసిన పరిశోధన బావులను మావోరీ భూయజమానుల ట్రస్టు టువారోపాకీ దక్కించుకుని, 2000 నాటికి సొంత విద్యుత్‌ కేంద్రం నడిపింది. ఆ ఆవిరితోనే గాజు ఇళ్లలో కూరగాయలు పండుతున్నాయి, 2011 నుంచి పాలపొడి కర్మాగారం నడుస్తోంది.

మణుగూరు చుట్టుపక్కల కోయగూడేలున్నాయి. పగిడేరులో లోతు బోర్లు దింపే రోజు వస్తే, మొదటి రిగ్గు కదలకముందే ఆ ఊరి గ్రామసభ ఆమోదం, ఆ ఊరి వాటా ఒప్పందంలో రాసి ఉండాలని నా కోరిక.