కంపెనీ ఫిట్టింగ్ ఖరీదెంత?

1911లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఇంగ్లండ్‌లోని రోల్స్ రాయిస్ కంపెనీకి ఒక కారు కోసం ఆర్డరిచ్చాడు. ఆ ఏడాది ఆగస్టు 29న ఆయన కన్నుమూశాడు. బండి తయారై హైదరాబాదు చేరేసరికి గద్దె మీద కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ ఉన్నాడు. ఆసఫ్‌జాహీల జెండా రంగైన పసుపు, బంగారు పూత అమరికలు, గుమ్మటంలా లేచిన పైకప్పు, వెనక మామూలు సీటుకు బదులు ఎత్తైన సింహాసనం. ఊరేగింపులకు తప్ప బయటకు తియ్యని ఈ బండి దశాబ్దాల పాటు కొన్ని వందల మైళ్లకు మించి తిరగలేదని చెబుతారు. ఇప్పుడది చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది.

ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ అమ్మేది ఇంజిను, ఛాసిస్ మాత్రమే. పైన బాడీని కొన్నవాళ్లు తమకు నచ్చిన చోట కట్టించుకోవాలి. నిజాం బండికి లండన్‌లో పేరున్న బార్కర్ కంపెనీ కట్టింది. 1906 నుంచి 1926 దాకా సిల్వర్ ఘోస్ట్ బళ్లు ఏడు వేలకు పైగా తయారయ్యాయి. అన్నిటి అడుగునా ఒకే వంశపు ఛాసిస్. ఒక బండికీ మరో బండికీ ఉన్న తేడా చాలావరకు కొన్నవాళ్లు కోరుకున్నదాన్ని బట్టి వచ్చిందే. అరుదైన కంపెనీ ఫిట్టింగుల, అంటే కొనేటప్పుడే కోరి పెట్టించుకున్న అమరికల, చరిత్రను తెలుగు నేల మీద ఎక్కడ మొదలుపెట్టాలంటే ఇక్కడే మొదలుపెట్టాలి.

తొర్రూరు నుంచి మహబూబాబాద్ వెళ్లే దారిలో ఉన్న నెల్లికుదురు అప్పట్లో అదే నిజాం రాజ్యంలోని ఊరు. 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉండి, తర్వాత మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. ఇలాంటి ఊళ్లకు కారంటే చాలాకాలం అంబాసిడరే. ఎమ్మెల్యే దిగినా, పెళ్లికొడుకు దిగినా, మహబూబాబాద్ ఆస్పత్రికి ఎవరినైనా హడావుడిగా తీసుకెళ్లాల్సి వచ్చినా అదే బండి. ఇవాళ ఇంటి వెనక రేకుల కింద పాత అంబాసిడర్‌నో, ఫియట్‌నో దాచుకున్నవాళ్లకు ఒక ఆశ ఉంటుంది: తమ బండిలో వేరేవాళ్ల బండిలో లేనిదేదో ఉంది కాబట్టి మంచి ధర పలుకుతుందని. ఆ ఆశలో నిజముంది. కాని అది నిజం కావాలంటే కొన్ని షరతులున్నాయి.

ఈ ఆశ పుట్టిన చోటు అమెరికా. 1969లో షెవర్లే కంపెనీ కమారో కారుకు జడ్‌ఎల్1 అనే అల్యూమినియం ఇంజిన్ పెట్టి 69 బళ్లు మాత్రమే కట్టింది. ఆ ఇంజిన్ ఒక్కదానికే 4,000 డాలర్లకు పైగా పడింది. అంటే బండి అసలు ధర కన్నా ఇంజిన్ ధరే ఎక్కువ. మొత్తం కలిపితే 7,200 డాలర్లు దాటింది. ఇలినాయి రాష్ట్రంలో లా హార్ప్ అనే చిన్న ఊళ్లో ఫ్రెడ్ గిబ్ అనే డీలరు ఏకంగా యాభై తెప్పించాడు. బిల్లు చూశాక కొనేవాళ్లు దొరక్క చాలావాటిని కంపెనీకే వెనక్కి పంపాడు. నాడు ఎవరికీ అక్కర్లేని ఆ బళ్ల కోసమే ఇప్పుడు వేలంపాటల్లో పోటీ పడుతున్నారు.

1967 కార్వెట్ కథ ఇంకా విచిత్రం. దానికి ఎల్88 అనే రేసింగ్ ఇంజిన్ కోరుకుంటే హీటరు, రేడియో రెండూ ఉండవు. డబ్బు ఎక్కువ కట్టి సుఖం తక్కువ తెచ్చుకోవడమన్నమాట. ఆ ఏడాది అలాంటివి 20 మాత్రమే తయారయ్యాయి. 2014లో వాటిలో ఒకటి వేలంలో 38 లక్షల 50 వేల డాలర్లు పలికింది. ఒక తరం వద్దనుకున్న వస్తువును తర్వాతి తరం కలలు కని మరీ వెతికినప్పుడే ఇంత ధర వస్తుంది. ఆ రెండో సగం లేకపోతే అరుదుతనానికి విలువ లేదు.

దానికి సాక్ష్యం మన పక్కనే, మద్రాసులోనే ఉంది. 1985లో స్టాండర్డ్ మోటార్స్ వాళ్లు బ్రిటన్ రోవర్ ఎస్‌డి1 ఆకారంతో స్టాండర్డ్ 2000 కారును తెచ్చారు. అందమైన బాడీలో పాతకాలపు ఇంజిన్ పెట్టారు. ఖరీదు ఎక్కువ, పరుగు తక్కువ కావడంతో కొద్ది ఏళ్లకే ఆగిపోయింది. అందువల్ల ఇప్పుడది అంబాసిడర్ కన్నా ఎన్నో రెట్లు అరుదు. అయినా జనం మనసులో అంబాసిడర్‌కు ఉన్న చోటు దానికి లేదు. పైగా ఏ విడిభాగం పోయినా దొరకడం గగనం.

మన దగ్గర అసలు చిక్కేమిటంటే, నిజాంకు ఉన్న ఎంపిక ఆ తర్వాత ఎవరికీ లేదు. లైసెన్సుల కాలంలో కారు కొనాలంటే పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. ఏది వస్తే అదే మహాప్రసాదం. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ అచ్చుతో 1957లో పుట్టిన అంబాసిడర్ 2014 మేలో ఆగిపోయేదాకా పైరూపం పెద్దగా మార్చుకోలేదు. కాబట్టి తేడాలను లోపల వెతకాలి. స్టీరింగ్ పక్కనే గేరు రాడ్డు, ముగ్గురు పట్టే ముందు సీటు ఉన్న పాత బళ్లు ఒక రకం. 1993లో వచ్చిన 1800 ఐఎస్‌జడ్ మరో రకం: ఇసుజు ఇంజిన్, ఐదు గేర్లు, కింద గేరు రాడ్డు. ప్రీమియర్ పద్మిని కూడా ఇలాగే కాలాన్ని బట్టి మారుతూ వచ్చి, చివర్లో 137డి పేరుతో డీజిల్ ఇంజిన్ దాకా వెళ్లింది.

అయితే కంపెనీ పెట్టిన డీజిల్ ఇంజిన్ వేరు, షెడ్డులో మార్పించిన డీజిల్ ఇంజిన్ వేరు. పెట్రోలు ధర భరించలేక టాక్సీవాళ్లు, ఊళ్లలోని యజమానులు ఎన్నో పెట్రోలు అంబాసిడర్లకు డీజిల్ ఇంజిన్లు వేయించారు. బెంచి సీట్లు తీయించి విడి సీట్లు పెట్టించారు, డ్యాష్‌బోర్డు కోయించి పాటల పెట్టె బిగించారు. వాళ్లు చేసింది తప్పనడానికి లేదు. బండి వాళ్లకు బతుకుతెరువు, మ్యూజియం సరుకు కాదు. దాని ఫలితం మాత్రం ఇప్పుడు కనిపిస్తోంది. అమెరికాలో ప్రత్యేకంగా కోరి పెట్టించుకున్నది అరుదు. తెలంగాణ ఊళ్లలో ఏమీ మార్చకుండా మిగిలిందే అరుదు. నెల్లికుదురు చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా మొదటి ఇంజిన్‌తో, మొదటి సీట్లతో సాదా మార్క్ 2 అంబాసిడర్ మిగిలి ఉంటే, పది హంగులు చేరిన బండి కన్నా అదే మేలైన ఆస్తి.

ప్రభుత్వ నిబంధన కూడా అదే వైపు మొగ్గింది. 2021 జూలైలో కేంద్రం మోటారు వాహనాల నియమాలను సవరించి వింటేజ్ బళ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. కొత్తగా నమోదు చేయించుకుంటే ‘వీఏ’ అక్షరాల నంబరు ఇస్తారు, దానికి ఫీజు 20,000 రూపాయలు. ముందే రిజిస్టరైన బండి పాత నంబరును అలాగే ఉంచుకోవచ్చు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేర్లకు బయటకు తీయవచ్చు గాని రోజూ తిప్పడానికి వీల్లేదు. కాగితాల మీద పెట్రోలు, లోపల డీజిల్ ఉన్న బండి ఆ వరసలో నిలబడలేదు.

అందుకే బేరం తెలిసినవాళ్లు ముందు బానెట్ ఎత్తరు, ఆర్‌సీ బుక్కు అడుగుతారు. అందులోని ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీది అంకెలతో కలవాలి. షోరూం బిల్లు, పాత ఇన్సూరెన్సు కాగితాలు, వరంగల్ జిల్లా నాటి ఏపీ 36 నంబరు ప్లేటు, అన్నీ సాక్ష్యాలే. ఫలానాది కంపెనీయే పెట్టిందని చూపించలేనప్పుడు, అది ఎంత అరుదైనదైనా కొనేవాళ్లు దానికి విడిగా డబ్బు పెట్టరు.

ఈ లెక్కలేవీ అంటని బండి ఒకటి ఉంది. 1982లో తెలుగుదేశం పెట్టాక ఎన్టీ రామారావు పాత షెవర్లే వ్యాన్‌ను మార్పించి చైతన్యరథంగా చేసుకున్నాడు. కొడుకు హరికృష్ణ నడపగా రాష్ట్రమంతా తిరిగాడు. దానిలో విలువైనదంతా ఫ్యాక్టరీ దాటాక చేరిందే. పైన నిలబడి మాట్లాడింది ఎన్టీఆర్ కాబట్టే దానికి ఆ విలువ. మామూలు యజమాని చేయించిన మార్పులకు అలాంటి చరిత్ర తోడురాదు.

ఇక 1993లో వచ్చిన ఇసుజు అంబాసిడర్ల సంగతి. అవి వింటేజ్ వయసుకు చేరేది 2043లో. ఈలోగా పదిహేనేళ్లు దాటిన బండిగా ఐదేళ్లకోసారి ఆర్‌సీ పొడిగింపు కోసం ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లాలి. 2022 ఏప్రిల్‌లో ఆ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. తుక్కు కింద అమ్మేస్తే పోతుందనిపించే ఖర్చే ఇది. ఆ ఇంజిన్, ఆ ఐదు గేర్లు కంపెనీ పెట్టినట్టే ఉన్న బండి చేతిలో ఉన్నవాళ్లు ఆ ఖర్చు భరించి దాన్ని కాపాడుకోవాలి, ఇసుజు ఇంజిన్ విడిభాగాలు దొరికినప్పుడే కొని పెట్టుకోవాలి.