శ్రీశైలం ముంపు: లెక్కకు రాని వాడలు

శ్రీశైలం ముంపు మీద ఇంతవరకు వచ్చిన రాతల్లో ఎక్కువగా కనిపించేది రైతు. పొలం పోయిన రైతు, పరిహారం చాలక కోర్టుకెక్కిన రైతు. అది అబద్ధమని మేమనడం లేదు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద పైచిలుకు ఊళ్లు మునిగి, లక్షమంది దాకా జనం చెదిరిపోయారంటే అందులో రైతులు లేకుండా ఎట్లుంటారు? మేమడిగేది ఒకటే. ఆ ఊళ్లలో సెంటు భూమి లేని మాల మాదిగలు ఏ రిజిస్టర్లో ఉన్నారు?

1963లో నెహ్రూ పునాదిరాయి వేశాడు. మొదట ఇది కరెంటు ప్రాజెక్టు, సాగునీటి మాట తర్వాత వచ్చింది. పద్దెనిమిదేళ్ల టైముండి కూడా ఊళ్లు ఖాళీ చేయించే పనిని 1981 జూన్‌లో 'ఆపరేషన్ డిమాలిషన్' అని పేరు పెట్టి, సరిగ్గా వానలు మొదలయ్యే రోజుల్లో ఇళ్లు కూల్చి చేశారు. శత్రువు మీదికి పోయే పటాలానికి పెట్టే పేరది. 1986లో లోకాయన్ బులెటిన్ అచ్చువేసిన నిజనిర్ధారణ నివేదిక లేకపోతే ఈ మాత్రమైనా బయటికి తెలిసేది కాదు.

నష్టపరిహారం 1894 నాటి భూసేకరణ చట్టం కింద ఇచ్చారు. ఆ చట్టం భూమిని చూస్తుంది, ఇంటిని చూస్తుంది, చెట్టును కూడా చూస్తుంది. భూమి మీద బతికే మనిషిని చూడదు. వాడలో బతుకు దేనిమీద నడిచేది? జీతగాడికి ఏడాదికింత అని గాసం. కళ్లం దగ్గర మేర. మాదిగకు చచ్చిన గొడ్డు తోలు, చెప్పులు, తొండాలు కుట్టినందుకు గింజలు. ఊరు పోయిన రోజున ఇవన్నీ ఒక్కసారే పోయాయి. లందకు ఖరీదు కట్టే కాలమ్ ఏ అవార్డులోనూ లేదు. రైతు నష్టం రూపాయల్లో తక్కువగా రాశారు, వాడ నష్టం అసలు రాయలేదు. ఈ రెండింటినీ కలిపి 'నిర్వాసితుల సమస్య' అంటే రెండోది మళ్లీ మునుగుతుంది.

ఇంకో సంగతి. రికార్డు ఎవరి చేతిలో ఉండేది? ఆ భూసేకరణ జరిగే నాటికి కర్నూలు వైపు కరణాలు, మహబూబ్‌నగర్ వైపు పటేల్ పట్వారీలు ఇంకా ఉన్నారు. 1984లో గానీ ఆ పదవులు రద్దు కాలేదు. నోటిమాట కౌలు వాళ్ల పుస్తకంలోకి ఎక్కదు. పోరంబోకులో వేసుకున్న బోదకొట్టానికి కాగితం ఉండదు. దళితులకు దక్కిన కాస్త భూమి కూడా ఎక్కువగా డీకే పట్టానో లావుణి పట్టానో. అట్లాంటి భూమిని సర్కారు వెనక్కి తీసుకుంటే సొంత పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లో గానీ చెప్పలేదు. కూలీ, కౌలుదారు కూడా 'బాధిత కుటుంబమే' అని చట్టం ఒప్పుకోవడానికి 2013 దాకా పట్టింది. అప్పుడు కూడా ఆ భూమి మీద మూడేళ్లుగా బతుకుతున్నట్టు తేలాలి. కాగితం లేనోడు ఏం చూపి తేల్చుకుంటాడు?

ఇదే ముంపులో గుళ్ల సంగతి వేరుగా నడిచింది. అలంపురం నవబ్రహ్మ ఆలయాలకు నీళ్లు తగలకుండా కట్ట పోశారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్లు విప్పి తెచ్చి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. జటప్రోలు గుళ్లూ అట్లే తరలాయి. శిల్పం పోకూడదు, ఆ పని చేసినవాళ్ల నేర్పును మేం తక్కువ చేయడం లేదు. రాయిని ఎక్కడినుంచి తీశారో అక్కడే పెట్టేంత ఓపిక, గుడి గడప తొక్కనివ్వని మనుషుల దగ్గరికొచ్చేసరికి ఎందుకు లేకపోయిందన్నదే మా పేచీ.

అంబేడ్కర్ పేరు చెప్పి డ్యాములను తిట్టడం కుదరదు. 1942-46 మధ్య వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా దామోదర్ లోయ పథకాన్ని ముందుకు నడిపించిన వాళ్లలో ఆయన ముఖ్యుడు. కాని ఆయనే 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో అంటరానివాళ్లకు సర్కారు బంజర్ల మీద వేరే గ్రామాలు కట్టాలని, అందుకొక సెటిల్‌మెంట్ కమిషన్ కావాలని అడిగాడు. ఒక నదీలోయలో ఊళ్లన్నీ లేపి మళ్లీ కట్టే అవకాశం ప్రభుత్వం చేతికి వచ్చినప్పుడు ఆ మాట ఎవరికీ గుర్తు రాలేదు. భూమికి భూమి ఇవ్వలేదు. 1986లో 98వ నంబరు జీవో ఇచ్చి ముంపు కుటుంబానికో ఉద్యోగం అన్నారు. దానికోసం దశాబ్దాలు ధర్నాలు జరిగాయి. అక్కడా ముందు నిర్వాసితుడని కాగితం చూపాలి.

లెక్క లేదా అంటే ఉంది. 1971 జనాభా లెక్కల జిల్లా పుస్తకాల్లో ఊరూరికీ షెడ్యూల్డ్ కులాల జనాభా, వ్యవసాయ కూలీల సంఖ్య అచ్చయి ఉన్నాయి. 1981 జనగణన కూల్చివేతకు మూడు నాలుగు నెలల ముందే జరిగింది. అంటే సర్కారు ఒక చేత్తో వాళ్లను ఎంచింది, ఇంకో చేత్తో పరిహారం రాసేటప్పుడు ఆ ఎంచిన పుస్తకం తెరవలేదు. ఈ పుస్తకాలనూ అవార్డు రిజిస్టర్లనూ పక్కపక్కన పెట్టి ఒక్కో ఊరూ పోల్చుకుంటూ పోవాలి. పాత బళ్ల అడ్మిషన్ రిజిస్టర్లలో కులం రాసి ఉంటుంది. అవి టీచర్లే వెతకగలరు. విద్యార్థులు పెద్దోళ్ల దగ్గర కూచుని గేరి పటం గీయించుకోవాలి: ఎవరి కొట్టం ఎవరి పక్కన, బావెక్కడ, లందెక్కడ, ఏ కళ్లంలో ఎవరికి మేర. 1981లో ఇరవై ఏళ్ల వాళ్లకు ఇప్పుడు అరవై దాటింది.