గళ్ళ నుడికట్టు: ఆధారముల చరిత్ర

ఈ సంచికకు ఏదైన చరిత్ర విషయము వ్రాసి యిమ్మని సంఘమువారు కోరినపుడు, రాజుల కథలను, దేవాలయముల కథలను వ్రాయుటకు మాకంటె సమర్థులు పెక్కురు కలరని తలచి, మాకు నలువది సంవత్సరములుగా పరిచయమున్న యొక చిన్న విషయమును ఎన్నుకొంటిమి. అది పత్రికలలో వచ్చు గళ్ళ నుడికట్టునకు ఆధారములు వ్రాయు విద్య. విషయము చిన్నదైనను దానికి నూరేండ్లకు మించిన చరిత్ర కలదు. పరభాషల నడుమ కాపురముండు మనవంటివారికి దానివలన ఒక ప్రయోజనమును కలదు. ఆ రెండును చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము.

నల్లగళ్ళు, తెల్లగళ్ళు గల పట్టికను చూడని చదువరి యుండడు. దానిని కొందరు గళ్ళ నుడికట్టనియు, కొందరు పదబంధ ప్రహేళిక యనియు, ఇంగ్లీషు మాటకు అలవాటుపడినవారు క్రాస్‌వర్డనియు అందురు. తెల్లగళ్ళలో అడ్డముగను నిలువుగను మాటలు నింపవలెను. ఏ మాట నింపవలెనో సూచించు చిన్న వాక్యమే ఆధారము. గళ్ళు సరిగా కుదిరినను ఆధారము నిస్సారమైనచో పూరించువానికి ఆనందము కలుగదు.

ఈ వినోదమును మొదట కల్పించినవాడు ఆర్థర్ విన్. ఇతడు ఇంగ్లాండులోని లివర్‌పూలు నగరమున పుట్టి, అమెరికాకు వలసపోయి, 'న్యూయార్కు వరల్డ్' అను పత్రికలో పనిచేయుచుండెను. 1913 డిసెంబరు 21వ తేదీ ఆదివారపు సంచికలో వజ్రాకారమున గళ్ళు గీసి 'వర్డ్ క్రాస్' అను పేరిట ప్రకటించెను. కొన్ని వారములకు అచ్చుకూర్చువారి పొరపాటున పేరు తలక్రిందులై 'క్రాస్ వర్డ్' అయ్యెను. ఆ పొరపాటే లోకమున స్థిరపడినది.

విన్ వ్రాసిన ఆధారములు చాలవరకు నిఘంటువులోని అర్థముల వంటివి. వానిలో ఒకటి గోముటి యను తాళజాతి చెట్టు నార పేరడిగినది. ఇంగ్లీషులో దానికి సమాధానము మూడక్షరముల 'డో'. ఆ నార పేరు తెలిసినవాడు వ్రాయును. తెలియనివాడు ఎంత ఆలోచించినను వ్రాయలేడు. ఆలోచనకు చోటులేని యిట్టి విశేషజ్ఞానమే తొలినాటి ఆధారములకు లోపము.

1924లో సైమన్, షుస్టర్ అను ఇద్దరు యువకులు తమ ప్రచురణసంస్థ మొదటి గ్రంథముగ క్రాస్‌వర్డుల పుస్తకమును, దానికొక పెన్సిలు తగిలించి, విడుదల చేసిరి. అమెరికా అంతట ఆ పిచ్చి వ్యాపించెను. అదే సంవత్సరమున 'న్యూయార్కు టైమ్సు' పత్రిక ఈ వినోదము కాలమును పాపముగ వ్యర్థము చేయునని సంపాదకీయమున నిందించినది. ఆ పత్రికయే 1942 ఫిబ్రవరి 15న తానును క్రాస్‌వర్డు ప్రారంభించి, మార్గరెట్ ఫరార్ అను విదుషిని సంపాదకురాలిగ నియమించెను. యుద్ధవార్తలతో అలసిన పాఠకులకు కొంత విశ్రాంతి కావలసివచ్చినది.

ఆధారమునకు చమత్కారము అబ్బినది ఇంగ్లాండులో. 1926 నుండి 'అబ్జర్వర్' వారపత్రికలో టార్కెమాడా అను మారుపేరుతో ఎడ్వర్డు పోయిస్ మేథర్సు కఠినమైన గూఢాధారములు వ్రాసెను. స్పెయిను దేశమున జనులను హింసించిన విచారణాధికారి పేరు అది. పూరించువారిని తాను పెట్టు బాధకు తగినదని ఆయన ఎన్నుకొనెను. ఈయనయే కాశ్మీర కవి బిల్హణుని చౌరపంచాశికను ఇంగ్లీషులోనికి తెచ్చినవాడు. శబ్దముతో ఆడుకొను సంస్కృత కవిని అనువదించిన చేయియే ఇంగ్లీషు గూఢాధారమునకును రూపమిచ్చినది.

1930 ఫిబ్రవరి 1న లండను 'టైమ్సు' కూడ క్రాస్‌వర్డును ఆరంభించినది. దానిని కూర్చిన ఏడ్రియన్ బెల్ సేద్యము చేయుచు రచనలు చేసినవాడు. అంతకు ముందు ఒక్క క్రాస్‌వర్డునైనను పూరించి యెరుగడు. మేథర్సు 1939లో మరణించిన పిమ్మట ఆయన స్థానమునకు వచ్చిన మక్‌నట్, సిమినీస్ అను మారుపేరుతో ప్రసిద్ధుడై, 1966లో ఈ విద్యకు నియమములు చెప్పు గ్రంథమును ప్రకటించెను. ఆధారమున రెండు దారులుండవలెను: ఒకటి అర్థము, రెండవది అక్షరముల ఆట. రెండును ఒకే మాటకు చేరవలెను. నడుమ పనికిమాలిన మాట యుండరాదు. పూరించువానిని పెడత్రోవ పట్టింపవచ్చును గాని, అసత్యము చెప్పరాదు. ఆయన బోధ సారాంశమిది.

విశేషజ్ఞానము, చమత్కారము ఒకచోట కలిసినపుడు ఎంత అందముగ నుండునో 1996 నవంబరు 5న వెలువడిన 'న్యూయార్కు టైమ్సు' నుడికట్టు చూపినది. అది అమెరికా అధ్యక్షుని ఎన్నికదినము. గణితాచార్యుడైన జెరెమయా ఫారెల్ కూర్చిన ఆ పట్టికలో ఒక ఆధారము మరునాటి పత్రికలోని ముఖ్యవార్త నడిగినది. ఆ గళ్ళలో క్లింటన్ అని వ్రాసినను కుదిరినది, బాబ్ డోల్ అని వ్రాసినను కుదిరినది. ఇంగ్లీషులో రెండును ఏడేసి అక్షరములు. వానిని ఖండించు ఏడు నిలువు మాటలకును ఆధారములు రెండు విధముల సరిపోవునట్లు వ్రాయబడెను. దయ్యముల పండుగనాటి నల్లని జంతువు ఏదన్నచో, పిల్లి యనినను సరియే, గబ్బిలమనినను సరియే. ఇంగ్లీషులో ఆ రెండు మాటలకు మొదటి యక్షరము మాత్రమే భేదము. మరునాడు గెలిచినది క్లింటన్. పత్రిక తప్పు వ్రాసినదని కోపించిన పాఠకులు తాము చూడని రెండవ దారి తెలిసి నవ్వుకొని యుందురు.

ఇదంతయు పాశ్చాత్యుల గొప్ప యనుకొనరాదు. దండి తన కావ్యాదర్శమున పదునారు విధముల ప్రహేళికలను లక్షణములతో చెప్పెను. పదునారవ శతాబ్దమున పింగళి సూరన రాఘవపాండవీయమున ప్రతి పద్యమును రామకథకును భారతకథకును చెల్లునట్లు నడిపించెను. అవధానసభలో పృచ్ఛకుడు అర్థవిరుద్ధముగ తోచు సమస్య నిచ్చినపుడు, అవధాని మాటను వేరొకచోట విరిచి దానిని సమంజసము చేయును. గూఢాధారమును విప్పువాడు చేయు పనియు అదియే. పండితులకు సమస్య యెట్టిదో పల్లెటూరి అరుగుమీద పొడుపుకథ అట్టిది. కావుననే తెలుగు పత్రికలలో నుడికట్టు ప్రవేశించినపుడు మనకది క్రొత్తగ తోచలేదు. శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులే నుడికట్టులు కూర్చుటకు పూనుకొనిరి.

మా సంగతి చెప్పెదము. మా వంశము తమిళదేశమున స్థిరపడి అనేక తరములైనది. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, చెన్నపట్నమున ఒక కచేరీలో గుమాస్తాగ చేరితిమి. అచ్చటి పెద్దగుమాస్తాగారు మధ్యాహ్న విరామమున 'ది హిందూ' క్రాస్‌వర్డు పూరించుచుండిరి. ఆ పత్రికకు 1971 నుండి క్రాస్‌వర్డులు కూర్చినవారు భారత నౌకాదళమునకు తొలి భారతీయ అధిపతియైన రామదాస్ కటారిగారు. ఓడలు నడిపిన చేయి గళ్ళను నింపుచున్నదని పెద్దగుమాస్తాగారు గర్వముతో చెప్పుచుండిరి. ఆయన యొద్దనే మేము ఆధారమును విడదీయుట నేర్చితిమి.

తెలుగున ఆధారము వ్రాయువాడు మొదట గ్రహింపవలసిన విషయమొకటి కలదు. ఇంగ్లీషున ఒక గడికి ఒక లిపిచిహ్నము. తెలుగున ఒక గడికి ఒక పూర్తి యక్షరము. గుణింతము, ఒత్తు కలిసి ఒకే గడిలో నుండును. 'తిరువయ్యారు' పలుకుటకు దీర్ఘమైనను దానికి ఐదు గళ్ళే చాలును. అడ్డపు మాటయు నిలువు మాటయు కలియుచోట దీర్ఘము, ఒత్తుతో సహా ఆ యక్షరమే రావలెను. 'ర' కుదిరినచోట 'రా' కుదరదు. కావున మన పట్టికలలో నల్లగళ్ళు ఎక్కువగును. అక్షరములను చెదరగొట్టుటయు ఇట్లే: 'నవల'లోని మూడక్షరములు చెదరినచో 'వలన' యగును. వెనుకనుండి చదువుటకు వికటకవియే మనకు గురువు.

ఉద్యోగవిరమణానంతరము మా సంఘపు ఉగాది ఉత్సవమునకు ఒక నుడికట్టు కూర్చి, పోటీ పెట్టితిమి. 60 కాగితములు పంచితిమి. తిరిగి వచ్చినవి 4. వానిలో మూడు సగమైనను నిండలేదు. మేము చాల నొచ్చుకొంటిమి. పిల్లలకు భాష పోయినదని, పెద్దలకు శ్రద్ధ పోయినదని కార్యవర్గమున మాటలాడితిమి. అప్పుడొక సభ్యుడు, "అయ్యా, ఏమీ అనుకోకండి. మీరడిగిన సినిమాలూ, హైదరాబాదు వీధులూ మేమెప్పుడు చూశాం? ఇది మన తెలుగు కాదండీ, పేపరు తెలుగు" అనెను. ఇంటికిపోయి కాగితమును మరల చదివితిమి. ఆయన మాట నిజము. మేము పత్రికలు చూచి సేకరించిన విశేషములే దానినిండ నున్నవి. గోముటి నార నడిగిన ఆర్థర్ విన్ చేసిన పొరపాటే నూరేండ్ల తరువాత మేమును చేసితిమి.

అప్పుడు మాకు లెనార్డు డా అను ఇంగ్లీషు ప్రధానోపాధ్యాయుని కథ జ్ఞప్తికి వచ్చినది. 1944 మే, జూన్ మాసములలో ఆయన 'డెయిలీ టెలిగ్రాఫు'నకు కూర్చిన క్రాస్‌వర్డులలో ఉటా, ఒమాహా, ఓవర్‌లార్డ్, మల్‌బెరీ, నెప్ట్యూన్ అను సమాధానములు వచ్చెను. అవన్నియు నార్మండీ దండయాత్రకు సేనలు రహస్యముగ వాడుచుండిన సంకేతనామములు! గూఢచారి శాఖవారు ఆయనను ప్రశ్నించి, దోషము కానక విడిచిరి. నలువది యేండ్ల పిమ్మట, 1984లో, ఆయన పూర్వశిష్యుడొకడు ముందుకు వచ్చి, ఉపాధ్యాయుడు గళ్ళకు మాటలు తెమ్మని పిల్లలనే అడుగుచుండెననియు, సమీపపు సైనికశిబిరమున విన్న మాటలను తాము చెప్పితిమనియు తెలిపెను. ఆ కథయందు మేము గ్రహించినది వేరొకటి. నుడికట్టు కూర్చువాడు తన వీధిలోని చెవులను వాడుకొనవలెను.

మరుసటి సంవత్సరము ఆ విధముగనే చేసితిమి. మన జనులు కాపురమున్న ఊళ్ళనే గళ్ళలో పెట్టితిమి. 'తీయనైన నాయక రాజధాని (3)' అనిన మధుర. 'అయిదు నదుల ఊరు. అక్కడి రామభక్తుడు తమిళసీమలో తెలుగున పాడెను (5)' అనిన తిరువయ్యారు. 'గోదావరి పాయ ఒడ్డున 1954 వరకు ఫ్రెంచివారి జెండా ఎగిరిన ఊరు (2)' అనిన యానాం. 'విరూపాక్షుని నీడలో రాయల కొలువు (2)' అనిన హంపి. బరంపురమునకు మొదట '1936లో ఒరిస్సాలో చేరిన పట్టుబట్టల పురము' అని వ్రాసితిమి; సమాధానములోని మాట ఆధారమున రారాదని జ్ఞప్తికి వచ్చి 'పట్టణము' అని దిద్దితిమి.

వానితోపాటు ఒకటి ఇట్లు వ్రాసితిమి: 'ఇల్లు కట్టు కట్టె వెనుదిరిగి బడికి పోయెను (3).' కలప యను మాటను వెనుకనుండి చదివినచో పలక యగునని మా భావము.

ఉత్సవమునాడు ఎనుబదేండ్లు దాటిన ఒక అవ్వ, ఆమె మునిమనుమరాలు ఒకే కాగితము ముందు కూర్చుండిరి. అవ్వకు కన్ను ఆనదు. బాలికకు పదేండ్లు, ఇంట తెలుగు మాటలాడును, బడిలో తమిళమును ఇంగ్లీషును చదువును, తెలుగు అక్షరములు రావు. ఆధారములను మేమే చదివి వినిపించితిమి. ఈ ఆధారము వినగానే అవ్వ, "పలకే గదా నాయనా! మా కాలపు పలకకు చుట్టూ కట్టె చట్రం ఉండేది" అనెను. మేము తలచిన దారి అది కాదు. అయినను చేరవలసిన చోటికే చేరినది. బాలిక అంతటితో ఊరకుండక, "తాతా, వెనుదిరగడమంటే ఏమిటి?" అని అడిగెను. కాగితపు అంచున క, ల, ప అని మూడక్షరములు వ్రాసి, వాని పేర్లు చెప్పితిమి. ఆమె వ్రేలితో కుడినుండి యెడమకు చదివి ఒక్కసారి నవ్వెను. ఆ పిమ్మట కలము తీసికొని తన చేతితోనే గళ్ళలో ఆ మూడక్షరములను దించెను. 'ల' కొంత వంకరపోయినది. ఆ సాయంకాలము నింపిన ఆ కాగితమును మేము పదిలపరచితిమి.

ఆధారమునకు రెండు దారులుండవలెనని సిమినీస్ చెప్పిన నియమము ఆనాడు మాకు వేరొక విధముగ బోధపడినది. మన యిండ్లలో అర్థము తెలిసిన పెద్దలు కలరు. అక్షరములతో ఆడుకొన గల చురుకుదనమున్న పిల్లలు కలరు. ఒకరి యొద్దనున్నది మరియొకరి యొద్ద లేదు. రెండు దారులు ఒక గడిలో కలియునట్లు వ్రాసినచో ఇద్దరును ఒక కాగితము ముందు కూర్చుందురు. అవ్వలు గడచిపోయినపిదప అర్థము చెప్పువారుండరు గనుక ఈ పనికి గడువు స్వల్పము.

కావున ప్రతి ఊరి సంఘమువారును సంవత్సరమున కొక నుడికట్టునైన కూర్చుకొనవలెనని మా మనవి. పత్రికలనుండి విశేషములు ఏరుకొనక, మీ వీధి దేవాలయము, మీ సంత, మీ యింటి వంట, మీ పెద్దల సామెతలు గళ్ళలో పెట్టుడు. కఠినమైనదైనను చింతలేదు, అసత్యము మాత్రము వలదు. ఆరంభమునకు మేమొక ఆధారమిచ్చుచున్నాము. సమాధానము వ్రాయము, ఇంట పిల్లలను కూర్చుండబెట్టుకొని విప్పుడు.

'అమ్మ ఒడిలో నేర్చునది. గుడికి తల మార్చిన చాలును (2).'