భక్తిరంజని: పుట్టుపూర్వోత్తరములు

పి.గన్నవరము అక్విడక్టు వైనతేయ నదిమీదుగా మోసికొనిపోవు గోదావరి జలము ఏ సీమను సస్యశ్యామల మొనర్చుచున్నదో, ఆ రాజోలు సీమయే తెలుగువారికి ఇరువురు మహాగాయకులను ప్రసాదించినది. 1928లో రాజోలున వోలేటి వేంకటేశ్వర్లు గారును, 1930లో శంకరగుప్తమున మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారును జన్మించిరి. 1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రమున వీరుభయులును పనిచేసిరి. తెలుగిండ్ల ప్రాతఃకాలములను పునీత మొనర్చిన భక్తిగీతముల కార్యక్రమము భక్తిరంజని ఆ కేంద్రపు స్టూడియోలోనే రూపుదాల్చినది.

అయినను దాని వేళ్లు స్టూడియోకంటె మిక్కిలి ప్రాచీనములు. త్యాగరాజస్వామి దివ్యనామ కీర్తనములును, ఉత్సవసంప్రదాయ కీర్తనములును గోష్ఠిగానమునకు అనువైనవి. ధనుర్మాసమున వేకువనే మన గ్రామవీథులలో సాగు నగరసంకీర్తనమున ఒకరు చరణ మెత్తుకొనగా పదిమంది పల్లవి నందుకొనుట అనాదిగా నున్నదే. పాశ్చాత్యుల ప్రార్థనా బృందములలో వేర్వేరు స్థాయిల కంఠములు ఏకకాలమున భిన్నస్వరములను పలికి సమ్మేళనము సాధించును. మన గోష్ఠి యందరును ఒకే స్వరమున లీనమగుటచే ఏకత్వమును సాధించును.

ఆ భజనపందిరి గానమునకు బాలమురళీకృష్ణ, బాలాంత్రపు రజనీకాంతరావు, శ్రీరంగం గోపాలరత్నము మొదలగు విద్వాంసులు శాస్త్రసంస్కారము నొసగిరి. పందిటిలో ఎవరి శ్రుతి వారిది, ఎవరి ఉచ్చారణ వారిది. మైకు ముందట నన్ననో, తంబురా శ్రుతిని ఎవరును వీడరాదు, పదమును అందరు నొక్కచోటనే విరువవలెను, ఊపిరియు నొక్కచోటనే తీయవలెను. వీణయు, వయొలినును, వేణువును సాహిత్యమును కప్పివేయక వెన్నంటి నడువవలెను. 1952లో ఢిల్లీ ఆకాశవాణియందు రవిశంకర్ గారి నేతృత్వమున జాతీయ వాద్యబృంద మేర్పడిన యుగమది. అట్టి కాలమునను మనవారు వాద్యమును సైతము భక్తికి పరిచారకముగానే నిలిపిరి. ఇట్లు రామదాసు కీర్తనలు, సదాశివబ్రహ్మేంద్రుల కృతులు, గ్రామీణ తత్త్వములు ఒకే వేదికనెక్కినవి. 1922లో తిరుమల సంకీర్తన భాండాగారమునుండి వెలువడిన రాగిరేకులలోని అన్నమయ్య పదములును రేడియో ద్వారా సామాన్యుల చెవి సోకినవి.

పండితుడును పామరుడును సమానముగా గొంతు కలుపదగిన పల్లవిని విడువకుండుటయే భక్తిరంజని విశిష్టత. శాస్త్రము జనమును దూరము చేయనక్కరలేదని అది నిరూపించినది. కావున భక్తిరంజని టేపులను భాండాగారములలో భద్రపరచుటతో మన బాధ్యత తీరదు. కోనసీమ భజనగోష్ఠులలోని పిల్లలకు వానిని వినిపించి, శ్రుతిశుద్ధమైన సామూహికగానమును వారిచే అభ్యసింపజేయవలెను.